కథ మొత్తం తెలిసిపోయాక ఇంకేం చూడాలి అక్కా?

పోయిన సంచికలో యానిమే మీద, అంటే జపాను కార్టూన్ సిరీస్‌ల మీద నాలుగు ముక్కలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దాని గురించే, అందులోనూ ‘డీమన్ స్లేయర్’ గురించే. రాక్షసుడి చేతిలో ఇంటివాళ్లని పోగొట్టుకుని, రాక్షసిగా మారిన చెల్లెలు నెజుకోని మళ్లీ మనిషిని చెయ్యాలని కత్తి పట్టిన తాంజిరో అనే పిల్లోడి కథ అది. ముందు మాంగాగా, అంటే జపాను బొమ్మల కథల పుస్తకంగా వచ్చింది. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ఒక్క మాట ముందే చెబుతున్నాను, ఈ కథలో ఎవరు పోతారో కింద జవాబుల్లో వస్తుంది. ఇంకా చూడనివాళ్లు, తెలుసుకోకుండా చూడాలనుకునేవాళ్లు ఈ పేజీ దాచుకుని తర్వాత చదవండి.

అక్కా, మాది కావలి. ఇంటర్ సెకండియర్. ఎండాకాలం సెలవుల్లో మా మావయ్య కొడుకు చెన్నై నుంచి డీమన్ స్లేయర్ మాంగా 23 వాల్యూములూ తెస్తే పన్నెండు రోజుల్లో చదివేశాను. ప్రాణం పెట్టి చదివాను. తర్వాత యానిమే మొదలుపెట్టి మూడు ఎపిసోడ్లు చూసి ఆపేశాను. అంతా తెలిసిందే కదా, ఎవరు చస్తారో ఎవరు మిగులుతారో అన్నీ తెలుసు. పైగా తాంజిరో గొంతు నేను అనుకున్నట్టు లేదు. ఫ్రెండ్సేమో ‘యానిమే చూడకపోతే నువ్వు సగమే చూసినట్టు’ అంటున్నారు. చూడాలా, టైం వేస్టా?

చూడు తమ్ముడూ. తప్పకుండా చూడు. మూడో ఎపిసోడ్ దగ్గర ఎందుకు ఆగిపోయావో నాకు తెలుసు, నాకూ అదే అయింది.

ముందు ఆ గొంతు సంగతి. పన్నెండు రోజులపాటు తాంజిరో మాట్లాడిన ప్రతి మాటనీ నీ లోపల నువ్వే పలికావు. వాడికి గొంతు ఇచ్చింది నువ్వు. ఇప్పుడు నత్సుకి హనాయె అనే ఆయన వచ్చి ఆ మాటలు పలుకుతుంటే పరాయివాడు మన ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఇది నీ ఒక్కడికే కాదు, ముందు పుస్తకం చదివిన అందరికీ ఉంటుంది. నాకు ఐదారు ఎపిసోడ్లు పట్టింది. ఆ తర్వాత ఒకరోజు మాంగా తెరిస్తే అందులో కూడా ఆయన గొంతే వినిపించింది. నీకూ వినిపిస్తుంది, కొంచెం ఓపిక పట్టు.

ఇక అసలు ప్రశ్న, అంతా తెలిసిపోయింది కదా అన్నది. నా చిన్నప్పుడు ఉదయగిరి వైపు మా అవ్వగారి ఊళ్లో తోలుబొమ్మలాట వేశారు. పద్మవ్యూహం కథ. రాత్రి భోజనాలయ్యాక చాపలు తీసుకెళ్లి కూర్చున్నాం. ఆ ఊళ్లో పెద్దవాళ్లెవరికీ ఆ కథ కొత్త కాదు, అభిమన్యుడు లోపలికి పోతాడనీ బయటికి రాడనీ పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్లే. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. అభిమన్యుడి బొమ్మ తల్లి దగ్గరికొచ్చి కాళ్లకు దండం పెట్టింది, అంతే, మా అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకప్పుడు కథ తెలియదు. ‘ఏంది అవ్వా, ఏమీ కాలేదు గదా, ఎందుకు ఏడుస్తుండావు’ అని అడిగాను. ‘ఇప్పుడు పొయ్యేవాడు మళ్లా రాడు గదమ్మా’ అంది. నేను ఆ సీను సీనంతా బొమ్మ కిరీటం మీది రంగులు చూస్తూ కూర్చున్నాను. మా అవ్వ మాత్రం ఆ దండం దగ్గరే మొత్తం యుద్ధం చూసేసింది.

ఇప్పుడు నువ్వు ‘ముగెన్ ట్రెయిన్’ సినిమా దగ్గరికి రా. రాక్షసుల్ని వేటాడే వీరుడు రెంగోకు రైలు పెట్టెలో కూర్చుని డబ్బాల మీద డబ్బాల భోజనం ఖాళీ చేస్తూ ముద్ద ముద్దకీ ‘ఉమై! ఉమై!’ అని అరుస్తాడు. ‘బాగుంది’ అని దానర్థం. మాంగా చదవనివాళ్లు ఆ సీనుకి నవ్వుతారు. నువ్వు నవ్వలేవు. తెల్లవారే సరికి ఆయన ఉండడని నీకు తెలుసు. అంత పెద్ద గొంతుతో అంత సంతోషంగా అన్నం తినే మనిషిని చూస్తుంటే నాకు సినిమా మొదట్లోనే గొంతు పట్టేసింది. తెలియడం వల్ల ఏదో పోతుంది అనుకుంటున్నావు గానీ, తెలిసినవాళ్లకే దొరికే దుఃఖం ఒకటుంది, అది కథ తెలియనివాడికి ఎంత డబ్బు పెట్టినా దొరకదు. వాళ్లు రెండోసారి చూస్తే తప్ప అక్కడికి రాలేరు. నువ్వు మొదటిసారికే వచ్చేశావు.

ఇంకొక సంగతి ఉంది, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. మాంగా చదివేటప్పుడు కాలం నీ చేతిలో ఉంటుంది. పేజీ ఎప్పుడు తిప్పాలో నీ ఇష్టం. ఏం జరుగుతుందో అన్న టెన్షన్‌లో మనం గబగబా తిప్పేస్తాం, ముఖ్యంగా యుద్ధాల దగ్గర. నతగుమో కొండ మీద సాలీడు రాక్షసుడు రుయ్‌తో తాంజిరో పోరాటం గుర్తుందా? కత్తి విరిగిపోతుంది, చుట్టూ ఆ దారాలు, చావు ఖాయం అనుకున్న క్షణంలో జబ్బు మనిషి అయిన తండ్రి మంచులో రాత్రంతా ఆడిన నాట్యం గుర్తొస్తుంది. మాంగాలో అది నువ్వు ఎంతసేపట్లో చదివి ఉంటావు? రెండు నిమిషాలు? నేను అంతకంటే తక్కువే తీసుకున్నాను, తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రంలో ఆ నాట్యం బొమ్మ మీద నా కన్ను నిలవనే లేదు.

ఇప్పుడు మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ చూడు. 2019 ఆగస్టులో వచ్చింది. అక్కడ కాలం నీ చేతిలో ఉండదు, తీసినవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు నిన్ను ఆ మంచులో నిలబెడతారు. తండ్రి అడుగుల్ని చూడమంటారు. అప్పటిదాకా కత్తి చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి, పాత జపాను చెక్క అచ్చుల్లో అలలు ఉంటాయే ఆ గీతల్లాగే ఉంటాయి ఆ నీళ్లు. మన కళ్ల ముందే ఆ నీళ్లు మంటలైపోతాయి. నలుపు తెలుపు పేజీలో నీటికీ మంటకీ గీత ఒక్కటే తేడా, ఇక్కడ ఆ మార్పు కళ్లలోకి కొడుతుంది. తర్వాత నెజుకోకి అమ్మ గొంతు వినపడుతుంది. ఆ తర్వాత పాట మొదలవుతుంది, పనిచేసినవాళ్ల పేర్లు ఆ పాట మీదే వెళ్లిపోతాయి. మాంగాలో పాట లేదు, ఉండే వీలూ లేదు. గో షీనా కట్టిన బాణీ అది. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. చదివేసిన కథే, రుయ్ తల నిజంగా ఎలా తెగిందో తర్వాతి చాప్టర్ సంగతి కూడా తెలుసు, అయినా పట్టలేదు.

చదివేసినవాళ్లు ఎదురుచూసేది ఏం జరుగుతుందని కాదు తమ్ముడూ, ఎలా జరుగుతుందని. మన పల్లెల్లో రాయబారం నాటకం వేసినప్పుడు పద్యం ముందువరసలో కూర్చున్న తాతకి కంఠతా వచ్చు. ఆయన పద్యం తెలుసుకోవడానికి రాలేదు, ఈ కృష్ణుడు రాగం ఎక్కడిదాకా తీస్తాడో వినడానికి వచ్చాడు. నచ్చితే ‘వన్స్ మోర్’ అంటాడు. నువ్వూ అట్టా కూర్చో.

చూసే పద్ధతి ఒకటి చెబుతాను. ఆదివారం కూర్చుని పది ఎపిసోడ్లు మింగేయొద్దు. రోజుకొకటి. చూసే ముందు ఆ చాప్టర్లు మళ్లీ తిరగెయ్యొద్దు, చూసిన తర్వాత తిరగెయ్యి. ఏది కలిపారో ఏది వదిలారో అప్పుడు తెలుస్తుంది. మొదటి ఎపిసోడ్ కూడా మళ్లీ ఒకసారి చూడు, ఈసారి కథ కోసం కాకుండా మంచు కోసం. బొగ్గులు అమ్ముకుని కొండెక్కి ఇంటికొచ్చే పిల్లోడు, తెల్లటి మంచు, గడప దగ్గర నెత్తురు. మన వైపు సర్కారు తుమ్మ కాల్చే బొగ్గు బట్టీలు చూసినవాళ్లకి తెలుసు, ఆ పని చేసే ఇంట్లో పిల్లల చేతులు ఎలా ఉంటాయో. మాంగా చదివేటప్పుడు తాంజిరో బొగ్గులమ్మే పిల్లోడన్న సంగతి నేను అంతగా పట్టించుకోలేదు. తెర మీద ఆ బుట్ట మోస్తూ నడిచేటప్పుడు పట్టింది.

మేడమ్, మాది ఒంగోలు. మా అబ్బాయికి పన్నెండేళ్లు. కార్టూన్ అని చెప్పి ఇదే చూస్తున్నాడు. నేను ఒకరోజు పక్కన కూర్చుంటే తలలు నరుకుతున్నారు. మాన్పించాలా? ‘పుస్తకంలో కూడా ఇదే ఉంది మమ్మీ’ అంటున్నాడు.

అమ్మా, మీ కంగారు నిజమైనదే. బొమ్మలు కదిలితే చిన్నపిల్లలకే అని మనం అనుకుంటాం, జపానులో అట్లా కాదు. ఈ సిరీస్ మొదటి సీజన్ అక్కడ రాత్రి పొద్దుపోయాక వేసేవారు. ముగెన్ ట్రెయిన్ సినిమాకి జపానులో పన్నెండేళ్లలోపు పిల్లలు పెద్దల సలహాతో చూడాలన్న సర్టిఫికెట్ ఇచ్చారు, అమెరికాలోనైతే ‘ఆర్’ ఇచ్చారు, అంటే పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లతో వస్తేనే లోపలికి రానిస్తారు.

మీవాడు చెప్పింది ఒక రకంగా నిజమే, కథలో రక్తం పుస్తకంలోనూ ఉంది. కానీ నల్లటి సిరాలో రక్తం వేరు, ఎర్రగా చిమ్మే రక్తం, దాని చప్పుడు వేరు. పుస్తకం చదివి తట్టుకున్న పిల్లవాడు తెర మీద తట్టుకుంటాడని నమ్మకం లేదు. నా సలహా, పూర్తిగా మాన్పించవద్దు, దొంగచాటుగా చూస్తాడు, అది ఇంకా కష్టం. మీరు పక్కన కూర్చోండి. తర్వాత వచ్చే ఒక సీజన్ కథంతా యోషివారా అనే వేశ్యావాటికలో నడుస్తుంది, అది మాత్రం ఇంకో రెండు మూడేళ్లు ఆపండి, ఎందుకు ఆపుతున్నారో కూడా వాడికి చెప్పండి. ఇంకొక మాట, మీరు కూర్చున్నప్పుడు ఒకటి గమనించండి. రాక్షసుణ్ణి చంపిన తర్వాత తాంజిరో వాడి చెయ్యి పట్టుకుంటాడు, వాడూ ఒకప్పుడు మనిషే కదా అని బాధపడతాడు. మీవాడు కత్తుల కోసం చూస్తున్నాడా, దీనికోసం కూడా చూస్తున్నాడా అన్నది మాట్లాడితే తెలుస్తుంది. మాట్లాడండి.

అక్కా, నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. మాంగా ఇంగ్లీషులో చదివాను. యానిమే జపనీస్‌లో చూడాలా, తెలుగు డబ్బింగ్‌లోనా? తెలుగులో చూస్తే మా క్లాసులో వెక్కిరిస్తున్నారు.

చెల్లీ, వెక్కిరించేవాళ్ల సంగతి వదిలెయ్యి. మన భాషలో చూడటంలో చిన్నతనం ఏముంది? ‘ఇన్ఫినిటీ కాజిల్’ సినిమా 2025 సెప్టెంబరు 12న మన దేశంలో విడుదలైతే జపనీస్‌తో పాటు తెలుగులో కూడా వచ్చింది. నేను మా అమ్మని తీసుకెళ్లి తెలుగు ఆటే చూశాను. మా అమ్మ ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ రెండున్నర గంటలకు పైగా కూర్చోలేదు. అకాజా అనే రాక్షసుడి పాత కథ వచ్చినప్పుడు, జబ్బు తండ్రి మందుల కోసం దొంగతనం చేసే ఆ పిల్లవాణ్ణి చూసి ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ కథ ముందు తెలియదు ఆమెకి. తెలుగులో కాకపోతే ఆ చెయ్యి నాకు దొరికేది కాదు.

అయితే ఒంటరిగా చూసేటప్పుడు నేను జపనీసే పెట్టుకుంటాను. కారణం ఒకటే, అరుపులు, ఏడుపులు, ఊపిరి తీసే చప్పుడు. ఈ కథలో ఊపిరే ఆయుధం కదా, ఊపిరి తీసే పద్ధతిలోనే వాళ్ల కత్తికి బలం. ఆ ఊపిరి చప్పుడు బొమ్మ గీసిన చోటిదే అయితే ఇంకా దగ్గరగా ఉంటుంది. నువ్వు కథ ముందే చదివేశావు కాబట్టి కింద అక్షరాల కోసం కళ్లు పరిగెత్తాల్సిన పని కూడా లేదు, బొమ్మ చూడు. ఇది చదివినవాళ్లకి ఉన్న పెద్ద సౌకర్యం. తాంజిరో స్నేహితుడు జెనిట్సు కేకలు మాత్రం ఏ భాషలో అయినా చెవులు పోతాయి, పుస్తకంలో ఆ కేకల్ని మనకిష్టమైనంత తగ్గించుకుని చదువుకున్నాం, తెర మీద ఆ వీలు లేదు. అది నాకు నచ్చలేదు, నచ్చలేదనే రాస్తున్నాను.

మాది పొదిలి. హషిరా ట్రైనింగ్ సీజన్ చూస్తే మాంగాలో అరగంటలో అయిపోయినదాన్ని సాగదీసినట్టు ఉంది. చదివినవాళ్లకి బోర్ కాదా?

అవుతుంది, నాకూ అయింది. హషిరాలంటే రాక్షసుల్ని వేటాడేవాళ్లలో అందరికంటే పై స్థాయి వీరులు, వాళ్లు మిగతావాళ్లకి శిక్షణ ఇచ్చే ఆ సీజన్ ఎనిమిది ఎపిసోడ్లు. మాంగాలో దానికున్న సరుకు తక్కువ. అందుకని పుస్తకంలో లేనివి కలిపారు. కానీ కలిపినవన్నీ వృథా అనను. ముగెన్ ట్రెయిన్‌ని 2021లో టీవీ కోసం ఏడు ఎపిసోడ్లుగా వేసినప్పుడు మొదటిది పూర్తిగా కొత్తగా తీశారు, రెంగోకు రైలెక్కే ముందు ఏం చేశాడో అన్నది. ఆయనతో ఇంకొక ఇరవై నిమిషాలు గడపడానికి దొరికింది కదా అని నేను సంతోషించాను. ఎవరితో గడుపుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. హషిరా ట్రైనింగ్‌లో మాత్రం కొండ ఎక్కడాలూ బండలు తొయ్యడాలూ మాంగా వేగంలోనే బాగున్నాయి. చివరి ఎపిసోడ్ వదలొద్దు, అది వేరే స్థాయి.

పక్కనే ఇంకోటి, మాంగా వారం వారం ఒక్కో చాప్టర్‌గా వచ్చింది. 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే దాకా, మొత్తం 205 చాప్టర్లు. మాంగా రచయిత కొయోహారు గొతోగె అక్కర్లేని చోట ఆగలేదు, ఇంత పేరొచ్చాక కూడా కథ అయిపోగానే ముగించారు. ఆ వేగానికి అలవాటు పడి వచ్చినవాళ్లకి సాగదీత త్వరగా కనిపిస్తుంది. మీ తప్పేం లేదు.

అన్ని సిరీస్‌లకీ ముందు మాంగా చదివి తర్వాత యానిమే చూడటం మంచిదేనా? – సింగరాయకొండ

కాదు. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ మొదటి యానిమే 2003లో వచ్చేటప్పటికి మాంగా ఇంకా నడుస్తోంది, అందుకని వాళ్లు మధ్యలో సొంత దారి పట్టారు. 2009లో మళ్లీ ‘బ్రదర్‌హుడ్’ పేరుతో మాంగా ప్రకారం తీశారు. మాంగా చదివి మొదటిది చూస్తే తికమక పడతారు, రెండోది చూస్తే ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ‘వన్ పీస్’ యానిమే 1999 నుంచి నడుస్తోంది, అక్కడ మాంగాని దాటిపోకుండా ఉండాలని నెమ్మదిగా నడిపారు, చదివినవాళ్లకి చాలా ఓపిక కావాలి. ‘అటాక్ ఆన్ టైటాన్’ మాత్రం ఏమీ తెలియకుండా యానిమేతోనే మొదలుపెట్టండి అంటాను. అందులో నేలమాళిగలో ఏముందన్న రహస్యం మీదే చాలా కథ నిలబడి ఉంది. డీమన్ స్లేయర్‌లో అట్లాంటి పెద్ద రహస్యాలు తక్కువ. చెల్లెల్ని మళ్లీ మనిషిని చెయ్యాలి, రాక్షసుల నాయకుడు ముజాన్‌ని చంపాలి, మొదటి రోజు నుంచీ అంతే. కథ ఇంత సూటిగా ఉంది కాబట్టే తెలిసి చూసినా చెడదు.

మా తాత ‘పుస్తకం వెనక నుంచి చదువుతుండావేందిరా’ అంటున్నాడు. ఏం చెప్పాలి? – కోవూరు

జపాను వాళ్లు కుడి నుంచి ఎడమకి చదువుతారు, బొమ్మలు కూడా అట్లాగే గీశారు అని చెప్పు. ఉర్దూ పుస్తకం కూడా కుడి నుంచే కదా, నెల్లూరులో ఉన్నవాళ్లకి అది వింత కాకూడదు. ఒక పేజీ పక్కన కూర్చోబెట్టుకుని చూపించు, తాతకి అర్థమవుతుంది.

ఇన్ఫినిటీ కాజిల్ మొదటి భాగం చూశాను. మాంగా చదవలేదు. మిగతా రెండు సినిమాలు వచ్చేదాకా ఆగడం నా వల్ల కావడం లేదు. చదివేయనా? – చీమకుర్తి

చదివెయ్యి. కానీ సినిమా ఆగిన చోట నుంచి మాత్రం మొదలుపెట్టొద్దు, అది అందరూ చేసే పొరపాటు. ఒకటో చాప్టర్ నుంచి మొదలుపెట్టు. మొదట్లో బొమ్మలు కొంచెం గరుకుగా కనిపిస్తాయి, యానిమే చూసిన కంటికి ఇంకా ఎక్కువ అనిపిస్తాయి, ఆగిపోవద్దు, ఆ గరుకులోనే ఆ రచయిత చెయ్యి ఉంది. పోను పోను ఆ గీత ఎట్లా మారిందో నీకే కనపడుతుంది. వాల్యూముల్లో చాప్టర్ల మధ్య చిన్న చిన్న బొమ్మలూ పాత్రల గురించి గుసగుసలూ ఉంటాయి, వాటిని దాటెయ్యకుండా చదువు. 54వ చాప్టర్ నుంచి 66వ చాప్టర్ దాకా రైలు కథ వస్తుంది, అది తెలిసిన కథే నీకు, అక్కడ మాత్రం పేజీలు నెమ్మదిగా తిప్పు.

చివరి వాల్యూము రాత్రిపూట మొదలుపెట్టొద్దు. మర్నాడు సెలవున్న రోజు చూసుకో.